మెట్ల కింద గదికి పాఠం చెప్పిన ఎస్తేరు టీచరమ్మ

ఎండలు ముదిరాక మా పక్కింటివాళ్ళు మిద్దె మీద పాత ఫ్లెక్సీ ఒకటి పరిచి మిరపకాయలు ఆరబోశారు. పొద్దెక్కేకొద్దీ ఆ ఫ్లెక్సీ నుంచి ఒక వాసన లేస్తోంది. రంగు వాసన, ప్లాస్టిక్కు వాసన కలిసి గొంతులో పట్టుకుంటుంది. మిరపకాయల ఘాటు కూడా దాని ముందు చాలదు. ఆ వాసన తగిలితే నాకు ఒళ్ళు మండుతుంది. నంద్యాలలో బ్యాంకు కోచింగులు ఉన్న వీధుల నిండా ఇదే వాసన. ఏ గోడ చూసినా ఉద్యోగాలొచ్చిన పిల్లల మొహాలు, వాళ్ళ పైన చేతులు కట్టుకుని నిలబడిన డైరెక్టరు మొహం. ఆ పిల్లలకు గొంతు పోయేలా చెప్పింది ఎవరో మాత్రం ఏ ఫ్లెక్సీలోనూ ఉండదు. అలా ఎక్కడా లేకుండా పోయిన మనిషి ఎస్తేరు టీచరమ్మ. మా ఆళ్ళగడ్డ మనిషే. ఆమెను మీరెవరూ చూసి ఉండరు కాబట్టి నేనే చెప్పాలి.

నేను అప్పట్లో నంద్యాలలో ఒక కోచింగ్ సెంటరు మెస్సులో వంట చేసేదాన్ని. నా చదువు అయిదో తరగతితోనే ఆగింది. మా ఆయన ఆళ్ళగడ్డలో పరుపులు కుడతాడు. మా కూతురు రహీమా డిగ్రీ అయ్యాక అదే సెంటరులో చేరింది. తల్లీకూతుళ్ళం తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కేవాళ్ళం. టీచరమ్మ కూడా ఆ బస్సులోనే వచ్చేది. యాభై దాటిన మనిషి, గంజి పెట్టిన నూలు చీర, వాన ఉన్నా లేకున్నా చంకలో గొడుగు. నవ్వు తక్కువ. ఒకసారి కండక్టరు టికెట్టు ఆమె ఒళ్ళోకి విసిరేశాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. "కోళ్ళకు గింజలేస్తాండావా అప్పా? చేతికియ్యి," అంది. అతను వంగి, తీసి, చేతికి ఇచ్చేదాకా కదల్లేదు. బస్సంతా చూస్తోంది. నాకైతే సిగ్గేసింది. ఇంత చిన్నదానికి అంత పట్టుదల ఎందుకని అనుకున్నాను.

ఆమె చెప్పేది ఇంగ్లీషు. బ్యాంకు పరీక్షలో వాక్యం ఇస్తారట, అందులో తప్పు పట్టుకుని దిద్దాలట. తెలుగులో చదువుకున్న పిల్లలు కూలబడేది అక్కడే. లెక్కలు టకటకా చేసే పిల్లలు కూడా ఆ వాక్యాల ముందు బిక్కమొహం వేసేవాళ్ళు. సెంటరులో ఒక పద్ధతి ఉండేది. ప్రతి శనివారం పరీక్ష పెట్టి, మార్కులను బట్టి పిల్లలు ఎక్కడ కూర్చోవాలో మార్చేవాళ్ళు. ఎక్కువ వచ్చినవాళ్ళకు పైన ఏసీ హాలు, మంచి టీచర్లు. దాని పేరు స్పెషల్ బ్యాచ్. తక్కువ వచ్చినవాళ్ళకు మెట్ల కింద గది. అది విరిగిన కుర్చీలు పెట్టుకునే స్టోరు. అందులో ఒక టీవీ పెట్టి, ఎప్పుడో తీసిన పాఠాలు వేసి తలుపు దగ్గరగా వేసేవాళ్ళు. ఫీజు మాత్రం పైవాళ్ళకూ కిందివాళ్ళకూ ఒకటే. పిల్లలే దానికి గోడౌను అని పేరు పెట్టుకున్నారు.

ఒక సోమవారం రహీమాను ఆ గదికి పంపించారు. వంటింట్లోకి వచ్చి, బియ్యం మూటల వెనక కూర్చుని ఏడ్చింది. నేను ఓదార్చలేదు. నాకూ కడుపు మండిపోతోంది. ఆ మంటంతా దాని మీదే పోశాను. "చదివి చస్తే కదా మార్కులొచ్చేది. ఫోను చూసుకుంటా కూర్చుంటే గోడౌను కాక ఏసీ వస్తాదా?" అని అరిచాను. టీచరమ్మ వేడినీళ్ళకోసం సీసా పట్టుకుని అప్పుడే గడపలోకి వచ్చింది.

"ఏందీ ఉసేనమ్మా, ఎవురి మీద అరుస్తాండావు?"

"మార్కులు తెచ్చుకోల్యా టీచరమ్మా. స్టోరు గదిలో కూర్చోబెట్టినారు."

"కూర్చోబెట్టింది ఎవురు?"

"ఇంకెవురు? డైరెక్టరు సారు."

"మరి కోపం ఆయనది కదా. దగ్గరగా దొరికిందని బిడ్డ మీద ఎందుకు పెడ్తాండావు?" అంది. సీసా నింపుకుంటూ, ఎవరితోనో కాకుండా తనలో తానే అనుకుంటున్నట్టు ఇంకో మాట అంది. "పైన నా క్లాసులో రోజూ ఇదే చెప్తాండా. ఏ మాట ఎవురిదో వాళ్ళ పక్కన పెట్టండి, లేకపోతే ఒకరి పని ఇంకొకరి నెత్తిన పడ్తాదని."

అప్పటికి నాకది ఎక్కలేదు. కానీ ఆమె వెళ్తూ వెళ్తూ రహీమాతో అన్నది మాత్రం అర్థమైంది. "టిఫన్లు అయినాక మెస్సు హాలు ఖాళీనే కదా. ఆ గదిలో ఉండేటోళ్ళందర్నీ పిల్చుకోనిరా."

"సారు ఊరుకోడు టీచరమ్మా," అన్నాను.

"ఆయన ఊరుకోకపోతే నేను ఊరుకోవాల్నా?"

మరుసటి రోజు నుంచి, టిఫన్లకూ మధ్యాహ్నం భోజనాలకూ నడుమ, మెస్సు బెంచీల మీద పాఠం మొదలైంది. నేను వంటింటి కిటికీలోంచి వింటూ కూరగాయలు తరిగేదాన్ని. ఆమె చెప్పేటప్పుడు నన్ను కూడా వదిలేది కాదు.

"ఉసేనమ్మా, ఆ ఎర్రగడ్డల సంచి ఇట్ల తే."

ఉల్లిపాయల సంచి మోసుకెళ్ళి ఆమె ముందు పెట్టాను.

"ఇప్పుడు చెప్పండి. ఉసేనమ్మ మోసింది ఎన్ని?"

"ఎర్రగడ్డలా టీచర్? లెక్క తెల్దు," అన్నాడు ఒకడు.

"సంచి, ఒకటే సంచి," అంది రహీమా.

"ఆ. పరీక్షలో కూడా సంచీనే చూడల్ల. మీరు పక్కనే కనబడే ఎర్రగడ్డల్ని చూసి 'ఆర్' అని రాస్తాండారు. అవి సంచి లోపలుండాయి. లోపలుండేవి ఎన్ని అయితే ఏం, ఎత్తేది సంచిని. 'ఈజ్' అని రాయండి."

ఇంకో రోజు బోర్డు మీద ఇంగ్లీషులో ఏదో రాసి, దాన్ని తెలుగులో చదివి వినిపించింది. "తోక ఊపుతా, ఉసేనమ్మ కుక్కకు అన్నం పెట్టింది." పిల్లలంతా ఒక్కసారి నా వైపు తిరిగారు.

"నాకు తోక యాడిది టీచరమ్మా?" అన్నాను కిటికీలోంచి.

"నేనియ్యలేదమ్మా. తోకను నీ పేరు పక్కన పెట్టి రాసినోడు ఇచ్చినాడు. వాణ్ణి అడుగు."

"కుక్కది కుక్కకు ఇచ్చెయ్యండప్పా, నాకెందుకు," అన్నాను. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ గదిలో వేసినప్పటినుంచి వాళ్ళు నవ్వడం నేను వినలేదు. ఆ నవ్వులు పైనున్న ఏసీ హాలుకు వినిపించాయి.

డైరెక్టరు దిగి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను. పిల్లల వైపు చూడనైనా చూడలేదు.

"టీచర్, మీరు స్పెషల్ బ్యాచ్ స్టాఫ్. వీళ్ళకు వీడియో పాఠాలు ఉన్నాయి కదా."

"వీడియోను డౌటు అడిగితే చెప్పదు సార్."

"వీళ్ళకు ఎంత చెప్పినా రాదు. మీ గొంతు పైవాళ్ళకోసం దాచుకోండి. రిజల్టు ఇచ్చేది వాళ్ళు."

"ఆ మాట వాళ్ళ మొగం చూసి చెప్పు సార్. గోడకు చెప్తావేంది?"

అతను వాళ్ళ మొహం చూడలేదు. "రేపటి నుంచి మీరు రానక్కర్లేదు" అని చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళు చెప్పిన మనిషిని అంత తేలిగ్గా. ఆమె మార్కరుకు మూత పెట్టి, గొడుగు చంకలో పెట్టుకుని, "రాసింది తుడపాకండి, పుస్తకాల్లోకి ఎక్కించుకోండి," అని పిల్లలతో అంది. నేను గరిటె కిందపెట్టి ఆమె వెంట బయలుదేరాను. గేటు దగ్గర తిరిగి చూసి తిట్టింది. "నువ్వు యాడికి? ఈ పిల్లోళ్ళకు అన్నం ఎవురు పెడ్తారు? లోపలికి పో." ఆ తిట్టుకు వెనక్కు వెళ్ళాను. ఆ రోజు చేసిన పప్పులో ఉప్పు వేశానో లేదో నాకు తెలియదు.

ఆ తరవాత ఆళ్ళగడ్డలో తన ఇంటి వసారాలోనే రహీమాకు చెప్పింది. నంద్యాల నుంచి ఆదివారాలు వచ్చే పిల్లలు కూడా కొందరు ఉండేవాళ్ళు. రహీమా పరీక్ష రాసింది, పాసయింది, బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. ఫలితం వచ్చిన వారానికే ఆళ్ళగడ్డ బస్టాండు ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ లేచింది. నడిమధ్య మా రహీమా మొహం. "మా సెంటర్ ఆణిముత్యం" అని రాశారు. పైన ఆ డైరెక్టరే, చేతులు కట్టుకుని.

నంద్యాల వెళ్ళి అతని గది తలుపు తోసుకుని లోపలికి పోయాను. రహీమా నా కొంగు పట్టుకుని వెనక్కు లాగుతోంది. అతను నవ్వుతూ లేచి, బల్ల సొరుగులోంచి శాలువా తీశాడు.

"రామ్మా, నీ కూతురు మా పేరు నిలబెట్టింది."

"మీ పేరు యాడిదప్పా? టీచరమ్మ పేరు ఆ ఫ్లెక్సీ మీద ఎయ్యండి. లేదంటే నా బిడ్డ ఫోటో పీకెయ్యండి."

"ఆమె ఇప్పుడు మా స్టాఫ్ కాదు కదమ్మా. అప్పట్లో ఏదో అట్లా జరిగింది."

"దానంతట అదే జరగల్యా. నువ్వు చేసినావు."

అతని నవ్వు పోయింది. ఫీజు కట్టింది మా దగ్గర, ఫోటో మా ఇష్టం అన్నాడు. ఆళ్ళగడ్డకు తిరిగొచ్చి, మా ఆయన పరుపుగుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర తీసుకుని, బస్టాండు దగ్గర సోడాబండి ఎక్కి నిలబడ్డాను. "ఏందక్కా ఇది, బండి ఇరుగుతాది," అని సోడా అతను మొత్తుకుంటున్నాడు. "ఇరిగితే మా ఆయన కుట్టిపెడ్తాడులే," అని చెప్పి, నా కూతురి మొహం చుట్టూ నాలుగు పక్కలా కోసి దించాను. జనం నిలబడి చూశారు. టికెట్టు చేతికి వచ్చేదాకా ఆ రోజు బస్సులో టీచరమ్మ ఎందుకు కదల్లేదో నాకప్పుడు తెలిసింది.

ఆ ముక్కను చుట్టగా చుట్టి టీచరమ్మ ఇంటికి తీసుకుపోయాను. మెచ్చుకుంటుంది అనుకున్నాను. ఆమె విప్పి చూసింది, రహీమా బుగ్గ మీద పడిన మడత చేత్తో సాపు చేసింది, మళ్ళీ చుట్టి నా చేతికి ఇచ్చింది.

"బాగానే కోసినావు. మెట్ల కింద గదిలో ఇప్పుడు ఎవురు కూర్చోనుండారు?"

ఆ రోజే నేను ఆ సెంటరు దాకా పోయి వచ్చాను. ఆ గది తలుపు ముందునుంచే నడిచాను. లోపల టీవీ మోగుతూనే ఉంది.

"నీ బిడ్డ బయటికొచ్చింది. గది అట్లే ఉండాది కదా ఉసేనమ్మా," అంది. గొంతు పెంచలేదు. ఇంత చేసి వస్తే ఈ మాటా అని ఆమె మీద కూడా నాకు కోపం వచ్చింది. ఇచ్చిన టీ తాగకుండా లేచి వచ్చేశాను. కానీ బస్టాండు దాటేలోపే ఆ కోపం ఆమె మీద నిలవలేదు. అది ఆమెది కాదు కదా.

మెస్సులో నా పని ఎలాగూ పోయింది. ఆ సెంటరు వెనక సందులోనే రెండు గదులు బాడుగకు తీసుకుని సొంతంగా మెస్సు పెట్టాను. సారు ఊరుకోడని ఈసారి భయపడలేదు. టిఫన్లు అయ్యాక బెంచీలు తుడిచి ఆమెకు కబురు పెట్టాను. గొడుగుతో సహా వచ్చింది, టీ తాగకుండా పోయినందుకు నాలుగు తిట్టి, బోర్డు ఎక్కడ పెట్టాలో చూపించింది. మోకాళ్ళు మొరాయించి బస్సు ఎక్కలేని రోజు వచ్చేదాకా చెప్పింది. నిరుడు ఆళ్ళగడ్డలో కన్ను మూసింది. సమాధి దగ్గర పాస్టరు శాంతి గురించి చాలాసేపు మాట్లాడాడు. నాకు శాంతి లేదు. ఆ గది ఇప్పటికీ ఉంది, టీవీ మాత్రం కొత్తది కొన్నారు.

మొన్న అవుకు ఊరి నుంచి వచ్చిన పిల్ల ఒకతె మొదటిసారి మా మెస్సుకు వచ్చింది. ఎవరి వైపూ చూడకుండా, తల వంచుకుని ఉప్మా తింటోంది.

"నిన్ను యాడ కూర్చోబెట్టినారు మ్మే?" అని అడిగాను.

"కింద," అంది. ప్లేటు వైపే చూస్తూ, "నాకు ఇంగ్లీషు రాదక్కా," అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ మంట టీచరమ్మది, నా దగ్గర పెట్టి పోయింది, చల్లారనిచ్చే హక్కు నాకు లేదు. ఆ పిల్ల ముందు మాత్రం గొంతు పెంచకుండా, ఇంకో గరిటె ఉప్మా వేశాను.

"తిన్నాక చెయ్యి కడుక్కోని ఆ బెంచీ మీద కూర్చో. రాదని నీకు చెప్పినోడి సంగతి నేను చూసుకుంటా. బ్యాంకు తెరిచేలోపల మా రహీమా వచ్చి పాఠం చెప్తాది."