బానెట్‌కు అటొకరు ఇటొకరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు ఒకే వాకిట్లో, చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి, నా నోటితో మాట్లాడుకునేవారు. ఒకరు మా నాయన, ఇంకొకరు మా పెద్దనాయన. "మీ నాయనకు చెప్పు, మోటరు బంద్ చెయ్యమని" అనేవాడు పెద్దనాయన. ఆ మాట మా నాయన చెవిలో పడనే పడేది. అయినా నేను అటు తిరిగి మళ్ళీ చెప్పాలి. చెప్పేదాకా ఆయనకు వినపడనట్టే లెక్క. "చెయ్యనని చెప్పు" అనేవాడు. నేను మళ్ళీ ఇటు తిరిగేదాన్ని. ఇద్దరూ పోయి చాలా కాలమైంది. పోయినవాళ్ళను తిట్టకూడదంటారు గానీ, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్న కాలమది. మా తాతయ్య పొలం ఒక ఫ్యాక్టరీ కిందికి పోయింది. పొలం పోయిన ఇంటికి ఒక్క నౌకరీ ఇస్తామన్నారు. కొడుకులేమో ఇద్దరు. తాతయ్య ఏమనుకున్నాడో ఏమో, నౌకరీకి చిన్నకొడుకు పేరు చెప్పి, పెద్దకొడుకు చేతికి ఒక పాత తెల్లకారు తాళం ఇచ్చాడు. పెద్దనాయన దాన్ని కిరాయికి నడిపేవాడు. మా నాయన తన సెలవు రోజున తీసుకుపోయేవాడు. తాతయ్య పోయినాక అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయాయి. రెండు పొయ్యిలు వెలిగాయి. మిగిలిన ఉమ్మడి ఆస్తి ఆ కారు, ఆ వాకిలి, నేను.

ఒక వానకాలం ఆ కారు ఇంజన్ నుంచి చప్పుడు మొదలైంది. ముందు గరగరమనేది, తర్వాత ఎవరో లోపల కూర్చొని రేకు మీద కొట్టినట్టు టకటకమనేది. కారు సందు మొదట్లో ఉండగానే మా అమ్మ పొయ్యి మీద చారు పెట్టేది, అంత దూరం వినపడేది. కిరాయికి ఎక్కేవాళ్ళు చప్పుడు విని దిగిపోతున్నారు. మా నాయన ఆయిల్ చూడకుండా నడిపి ఇంజన్ బేరింగులు పోగొట్టాడని పెద్దనాయన అన్నాడు. హత్నూర దాకా మక్కజొన్న బస్తాలు మోసి ఇంజన్ నడుము విరగ్గొట్టింది అన్నేనని మా నాయన అన్నాడు. అన్నీ నాతోనే అన్నారు. మెకానిక్‌ను పిలవడానికి మాత్రం ఇద్దరూ ఒప్పుకోలేదు. అతను వచ్చి తప్పు తనదే అని తేలిస్తే ఎట్లా అని ఇద్దరికీ లోపల భయమే.

చివరికి కారును పాత ఇనుము కింద అమ్మేద్దామన్నారు. కబాడీ అతను ఆదివారం సాయంత్రం వస్తాడన్నారు. కారు పోతే ఇక కలిసి ఉండాల్సిన పని లేదు, వాకిలి నడుమ గోడ పెట్టిస్తానని మా నాయన ఇటుకలు కూడా దింపించాడు. నేను రోజూ పొద్దున్నే వాకిలి దాటి మా పెద్దమ్మ దగ్గర జడ వేయించుకునేదాన్ని. ఆమెకు ఆడపిల్లలు లేరు. మా అమ్మ వేస్తే నాకు నచ్చేది కాదు. గోడ అంటే నాకు తెలిసింది ఒకటే, ఇక నాకు పెద్దమ్మ ఉండదు.

ఆ ఆదివారం పొద్దున మా మేనత్త సంగారెడ్డి నుంచి బస్సు దిగి వచ్చింది. ఇద్దరన్నల తర్వాత పుట్టింది గానీ, నోరు మాత్రం ఇద్దరికీ పెద్దక్కదే. ఆమె వచ్చేసరికి వాకిట్లో మళ్ళీ అదే తంతు. "మీ నాయనకు చెప్పు, తండ్రిచ్చిన సొమ్మును తగలవెట్టినోడు బాగుపడడని" అన్నాడు పెద్దనాయన. నేను అటు తిరిగి, ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పాను. మా నాయన చెయ్యి లేచింది. చెంప పగిలిపోయింది. అన్నది పెద్దనాయన, దెబ్బ నాకు. ఏడవాలని కూడా తోచలేదు.

మేనత్త చేతిసంచి అక్కడే పడేసి వచ్చి నా రెక్క పట్టుకుంది. "ఇది పిల్లనా, మీ ఇద్దరి నడుమ ఫోను తీగనా? ఇయ్యాల్టి నుంచి దీని నోరు నా దగ్గరుంటది. మీకు నోళ్ళు లేవా? బువ్వ తినేతందుకే ఇచ్చిండా దేవుడు?" అని ఇద్దరినీ ఒకేసారి కడిగేసింది. తర్వాత నన్ను అరుగు మీద తన ఒళ్ళోకి లాక్కొని, "కబాడోడు వచ్చేలోపట ఆ సప్పుడు యాడికెల్లి వస్తుందో సూడున్రి. తెలిసినంక అమ్ముకుంటరో, కాలవెడ్తరో మీ ఇష్టం" అంది.

కోపంతోనే ఇద్దరూ కారు దగ్గరికి వెళ్ళారు. ఎట్లా వెతకాలో పెద్దనాయనకు తెలుసు, ఆయన డ్రైవరే కదా. పొడుగాటి స్క్రూడ్రైవర్ కర్రపిడిని చెవికి ఆనించుకొని, ఇనుప కొనను ఇంజన్ మీద ఒక్కోచోట పెడితే, చప్పుడు ఎక్కడ పుడుతుందో అక్కడ చెవిలో గట్టిగా మోగుతుంది. కానీ ఒకరు వింటుంటే ఇంకొకరు సీట్లో కూర్చొని రేస్ ఇవ్వాలి. ఇన్నాళ్ళూ ఆ పని కాకపోవడానికి అదే కారణం. బానెట్ లేపాక ఒకరికొకరు కనపడరు. సైగ చేద్దామన్నా కుదరదు.

పెద్దనాయన బానెట్ వెనక నిలబడి అలవాటు కొద్దీ నా వైపు చూశాడు. "మీ నాయనకు..." అన్నాడు. మేనత్త తన అరచేతితో నా నోరు మూసింది. ఆయన మడ్‌గార్డ్ మీద ఠంగుమని కొట్టాడు. ఆపమన్నాడనుకొని మా నాయన ఇంజన్ ఆపేశాడు. మళ్ళీ స్టార్ట్, మళ్ళీ ఠంగు, మళ్ళీ ఆగింది. మూడోసారికి పెద్దనాయన మొహం కందగడ్డయింది.

"రేసియ్యిరా!" అని అరిచాడు.

"ఇస్తున్న గదనే!" అని లోపలి నుంచి అంతకంటే గట్టిగా వచ్చింది.

మేనత్త ఒళ్ళు ఒక్కసారి కదిలింది. నవ్విందో, ఏడ్చిందో నాకు తెలియలేదు. చెయ్యి మాత్రం నా నోటి మీంచి తీయలేదు.

ఇక ఆ తర్వాత మాటలు ఆగలేదు. అన్నీ తిట్లే. కండ్లు కనవడ్తలేవా అని ఒకరు, చెవులు పనిచేస్తలేవా అని ఒకరు. స్క్రూడ్రైవర్ ఇంజన్ పక్కన ఎక్కడ పెట్టినా చప్పుడు దూరంగానే ఉంది, ముందు వైపు ఫ్యాన్ దగ్గర మాత్రం చెవి చిల్లుపడేలా మోగింది. ఫ్యాన్ బెల్టు ఊడదీసి స్టార్ట్ చేశారు. చప్పుడు లేదు. ఇంజన్ మెత్తగా, బుద్ధిగా తిరిగింది. పెద్దనాయన ఫ్యాన్ రెక్క పట్టుకొని ఊపితే పాలపన్నులా ఊగింది. ఆ ఫ్యాన్ బిగించి ఉండే నీళ్ళ పంపు బేరింగ్ అరిగిపోయింది. ఆయిల్ వల్ల కాదు, బస్తాల వల్ల కాదు. ముసలిదై అరిగింది, అంతే.

సంతోషపడతారనుకున్నాను. ఇద్దరి మొహాలూ మాడిపోయాయి. తప్పు ఎదుటివాడిది కాదని తెలిసినందుకు అంత బాధపడ్డ మనుషులను నేను మళ్ళీ చూడలేదు. పెద్దనాయన సైకిల్ మీద పోయి కొత్త పంపు తెచ్చాడు. మా నాయన బోల్టులు విప్పుతుండగా పెద్దనాయన ఉన్నట్టుండి, "నౌకరి నువ్వు తీస్కున్నవు" అన్నాడు. తిట్టులా కాదు, గొంతు దిగిపోయి.

మా నాయన పానా ఆపాడు. "నాయన ఇచ్చిండు. నేను గుంజుకున్ననా? నౌకరి నాకిడిసిపెట్టు అని ఒక్కనాడన్న అడిగినవానే నన్ను? పిల్లతోని తిట్లు పంపినవు గని."

పెద్దనాయన వంగి పాత పంపు కింద చెయ్యి పెట్టాడు. బోల్టు పట్టుకో అన్నాడు. మా నాయన పట్టుకున్నాడు. సాయంత్రం కబాడీ అతను వస్తే మేనత్తే వాకిట్లోకి పోయి, "ఇగ అమ్మేది లేదు, పో" అని పంపించేసింది.

వాళ్ళిద్దరూ ఆనాడు కలిసిపోయారని చెబితే అబద్ధమవుతుంది. బతికినన్నాళ్ళూ కొట్లాడుకున్నారు. కానీ ఎవరి తిట్టు వాళ్ళే తిట్టుకున్నారు. ఇటుకలతో గోడకు బదులు స్నానాల గది కట్టారు, దాని కొలత దగ్గర కూడా పెద్ద రభసే అయింది. నేను పెళ్ళై వెళ్ళేదాకా మా పెద్దమ్మే నాకు జడ వేసింది.

ఇప్పుడు తెల్లాపూర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఎత్తైన అపార్ట్‌మెంట్, చదువుకున్న మనుషులు. అయినా కోపం వస్తే నా కోడలు మనవడిని పిలిచి, "డాడీని అడుగు, తింటాడో లేదో" అంటుంది. పక్క గదిలోంచి నా కొడుకు, "మమ్మీకి చెప్పు, ఆకలి లేదని" అంటాడు. మనవడు పాపం అటొక అడుగు, ఇటొక అడుగు వేస్తాడు. నేను వాడి రెక్క పట్టుకొని సోఫాలో నా పక్కన కూర్చోబెట్టుకుంటాను. మాట్లాడబోతే నోటికి చెయ్యి అడ్డం పెడతాను. తర్వాత వంటింట్లో గిన్నె దభీమంటుంది, కోడలు విసవిసా ఆ గదిలోకి పోతుంది, నేరుగా నా కొడుకు మొహం మీదే అరుపులు మొదలవుతాయి. కొడుకూ తిరిగి అరుస్తాడు.

అప్పుడు మనవడి నోటి మీంచి చెయ్యి తీసి, "ఇగ నువ్వు పొయ్యి ఆడుకో బిడ్డా" అంటాను.