అమ్మ కూర్చున్న ఫ్లెక్సీ గుడారం

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేవాణ్ని. సమ్మె వల్ల స్కూలుకు తాళం పడింది. పని లేకుండా ఇంట్లో కూర్చుంటే నాకు కారణం లేకుండానే కోపం వస్తుంది. ఆ కోపం ఇంట్లోవాళ్ల మీద పడకుండా టార్పాలిన్ల మీదికి, పైపుల మీదికి మళ్లించింది మా అమ్మే.

ఎల్బీ నగర్ కూడలి దగ్గర రిలే నిరాహార దీక్షలు నడుస్తున్నాయి. రోజుకొక బృందం పొద్దున కూర్చుని సాయంత్రం లేస్తుంది. లేచే ముందు ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి తలా ఒక గ్లాసు నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేస్తాడు. వచ్చే సోమవారం మా కాలనీ ఆడవాళ్ల వంతు. జాబితాలో మొదటి పేరు అమ్మది. నల్గొండ పల్లె నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా, రేషన్ కార్డులో తప్ప ఆమె పేరు ఇంకెక్కడా ఎక్కలేదు. ఆ జాబితా చదివించుకుని వచ్చిన రోజు ఇంట్లో మామూలు కంటే గట్టిగా మాట్లాడింది.

చిక్కంతా ఎండతో వచ్చింది. అంతకు ముందు వేసవిలో అమ్మకు వడదెబ్బ తగిలి వారం రోజులు దవాఖానలో పెట్టాల్సి వచ్చింది. ఎండలో కూర్చోనే కూడదని డాక్టరు చెప్పి పంపాడు. శిబిరానికి వేసిన షామియానా గుంజల కోసం రోడ్డు తవ్వారని పోలీసులు దాన్ని పీకించేశారు. చిరిగిపోయిన షామియానా చూసి టెంట్ హౌస్ వాళ్లు ఇంకొకటి ఇవ్వబోమన్నారు. నీడ లేకపోతే వయసు పైబడినవాళ్లను కూర్చోబెట్టేది లేదని శిబిరం నడిపే పెద్దాయన తేల్చేశాడు. అమ్మ ఇంటికొచ్చి నా ముందు నిలబడింది.

"సైన్సు సారువు గదా. నాకు జర నీడ ఎట్ల చేస్తవో చెయ్యి" అంది.

ఇంకా నాలుగు రోజులుంది. నాకు కావాల్సిన గుడారానికి రోడ్డు తవ్వే పని ఉండకూడదు. తీసెయ్యమంటే అయిదు నిమిషాల్లో మడిచెయ్యాలి. అంతా ఒక్క ఆటోలో పట్టాలి, నా జేబుకు అందాలి. ఇంతకాలం కళ్ల ముందే ఉన్న వస్తువులన్నీ ఒక్కసారిగా నాకు కొత్తగా కనిపించడం మొదలుపెట్టాయి. సగం షట్టరు దించిన దుకాణాల ముందు ఆగి ప్రతిదాన్నీ వేళ్లతో నలిపి చూసేవాణ్ని. ఏం కావాలని అడిగితే నాకే తెలియదని చెప్పేవాణ్ని, వాళ్లు అదోలా చూసేవాళ్లు.

తుర్కయంజాల్ వైపు నర్సరీలో మొక్కల మీద కప్పే ఆకుపచ్చ వల తెచ్చాను. నీలం టార్పాలిన్ ముక్క ఒకటి, కలిపి కుట్టిన సిమెంటు సంచులు నాలుగు కూడా పోగుచేశాను. అన్నీ మేడ మీద పరిచి, ఒక్కో దాని కింద స్టీలు గ్లాసులో నీళ్లు పెట్టి, అరగంటకోసారి వేలు ముంచి చూశాను. వల కింద చల్లగానే ఉంది కానీ చినుకు పడితే అంతే సంగతులు. టార్పాలిన్ కింద నీళ్లు స్నానానికి పనికొచ్చేలా ఉన్నాయి, పైగా అది మోయలేనంత బరువు. సిమెంటు సంచులు దులిపేసరికి నా ముక్కు పని అయిపోయింది.

చివరికి సరూర్‌నగర్‌లో ఒక పాత సామాన్ల దుకాణంలో దొరికింది, ఫ్లెక్సీ. దిల్‌సుఖ్‌నగర్ నిండా కోచింగ్ సెంటర్లే కదా, ఫలితాలొచ్చినప్పుడు ర్యాంకర్ల ఫొటోలతో మేడంత ఫ్లెక్సీలు కడతారు. మోజు తీరాక అవి తూకానికి వచ్చేస్తాయి. గుడిసెలకూ లారీలకూ వాటినే కప్పుతారని దుకాణదారు చెప్పాడు. తేలిక, నీళ్లు దిగవు, అంచుల్లో తాళ్లకు కన్నాలు ముందే ఉన్నాయి. ముప్పై మంది పిల్లలు నవ్వుతున్న ఫ్లెక్సీ ఒకటి చుట్టగా చుట్టి ఇంటికి తెచ్చాను.

కప్పు దొరికింది, దాన్ని నిలబెట్టడమే రాలేదు. కరెంటు వైర్లు దూర్చే సన్నటి ప్లాస్టిక్ పైపులతో నాలుగు కాళ్ల పందిరిలా కట్టాను. ఫ్లెక్సీ వెయ్యగానే అది నడుం పట్టేసిన మనిషిలా ఒంగిపోయింది. ఇంకో రెండు పైపులు కట్టాను, ఇంకోవైపు ఒంగింది. బకెట్ నీళ్లు పోస్తే నడిమధ్యలో మడుగు కట్టి మొత్తం కూలింది. పైపుల్ని కాలితో తన్నాను. శనివారం సాయంత్రానికి అమ్మ ఏమీ అడగడం మానేసింది, దాంతో నాకు ఇంకా భయమేసింది.

కింద వాటాలో ఇంటి ఓనరు ఉంటారు. గుంటూరు వైపు మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో పైపులు, కరెంటు సామాన్ల దుకాణం. పదకొండేళ్లుగా ఆయన ఇంట్లో కిరాయికి ఉంటున్నాం. ఉద్యమం మొదలయ్యాక మా మాటలు నీళ్ల మోటారు దగ్గరా, కరెంటు బిల్లు దగ్గరా ఆగిపోయాయి. ఆయన తిట్టలేదు, మేమూ తిట్టలేదు. కానీ టీవీలో వార్తలొస్తుంటే ఇద్దరం వాల్యూం తగ్గించేవాళ్లం.

నేను పైపుల్ని తన్నిన చప్పుడుకు ఆయన మేడెక్కి వచ్చారు. కాసేపు చేతులు కట్టుకుని చూశారు.

"మాస్టారూ, ఈ పైపుని నిలబెడితే వంగుతుందండీ. వంచేస్తే నిలబడుతుంది" అన్నారు.

అప్పుడే మెట్ల మీద నుంచి అమ్మ, మా ఊళ్లో సవారి కచ్చురాలకు వెదురు బద్దలు అట్లనే వంచేటోళ్లని గుర్తు చేసింది. ఆడవాళ్లు పెళ్లిళ్లకు పోయే గూడు బండి అది. ఇద్దరూ కలిసి నన్ను పక్కన కూర్చోబెట్టి పని మొదలుపెట్టారు. రెండేసి పైపుల్ని కలిపి విల్లులా వంచి, కొసల్ని ఇసుక నింపిన నూనె డబ్బాల్లో గుచ్చారాయన. వంపుల్ని కలుపుతూ నడినెత్తిన ఒక పైపు కట్టారు. తాళ్లకు బదులు సైకిలు ట్యూబును సన్నగా కోసి బిగించమన్నారు, గాలొస్తే సాగి మళ్లీ తన చోటికి వస్తుందట. ఫ్లెక్సీని కూడా తిప్పించారు. తెల్లటి వెనకవైపు పైకి ఉంటేనే వేడి తగ్గుతుందన్నారు. మళ్లీ గ్లాసు పెట్టి చూస్తే ఆయన మాటే నిజమైంది. నాకు ఒళ్లు మండింది, సంతోషం కూడా వేసింది.

దిగిపోతూ ఆయన ఒక్క మాట అడిగారు. ఇది తాను చేసినట్టు శిబిరంలో చెప్పొద్దు, దుకాణం దగ్గర తనవాళ్లకు తెలిస్తే బాగుండదు అన్నారు. సరేనన్నాను.

సోమవారం ఆ గుడారం ఎల్బీ నగర్‌లో పది నిమిషాల్లో లేచి నిలబడింది. కానిస్టేబులొకాయన వచ్చి నూనె డబ్బాల్ని బూటుతో కదిపి చూసి, రోడ్డు తవ్వలేదు కాబట్టి ఏమీ అనలేక వెళ్లిపోయాడు. బొమ్మలు లోపలివైపు ఉన్నాయి కదా, ఆడవాళ్లు తలలెత్తి ఆ ర్యాంకర్లలో తమ తమ అల్లుళ్లను ఎంచుకుంటూ మధ్యాహ్నం దాకా నవ్వారు. అమ్మ నీడలో నిటారుగా కూర్చుంది. వచ్చినవాళ్లంతా గుడారం చుట్టూ తిరిగి చూసి, ఎవరు చేశారని అడిగారు. మా మాస్టరే అని ఎవరో అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఒకరిద్దరు వీపు తట్టారు. తుర్కయంజాల్ శిబిరంవాళ్లు తమకూ ఒకటి చేసి పెట్టమన్నారు. సైకిలు ట్యూబు ఎందుకు వాడాలో వాళ్లకు నా సొంత తెలివిలా వివరించాను కూడా.

సాయంత్రం శిబిరం పెద్దాయన నిమ్మరసం గ్లాసు పట్టుకుని మొదట అమ్మ దగ్గరికి వచ్చాడు. అమ్మ చెయ్యి చాచలేదు. ఈ నీడ చేసినాయన ఇస్తేనే తాగుతానంది. పెద్దాయన మెచ్చుకోలుగా నవ్వి గ్లాసు నా చేతిలో పెట్టాడు. చుట్టూ చప్పట్లు కొట్టారు. నేను ఆ గ్లాసును నిజంగానే అమ్మ నోటి దాకా తీసుకుపోయాను.

అమ్మ నన్ను చూస్తూ కూర్చుంది, నోరు తెరవలేదు. పొద్దుటి నుంచి చుక్క నీళ్లు కూడా తాగని పెదాలు పొడిబారి ఉన్నాయి. ఓనరు సారే చెప్పొద్దన్నాడు కదా అని చెవిలో గొణిగాను.

"చెప్పొద్దనుడు ఆయన మంచితనం బిడ్డా. చెప్పకపోవుడు నీ మంచితనం కాదు" అంది.

అప్పుడు చెప్పాను. చేసింది నేను కాదు, మా ఇంటి ఓనరు, గుంటూరాయన అని. చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు తాగమని పెద్దాయన బతిమాలాడు. అమ్మ కొంగు సర్దుకుని లేచింది. గుడారం విప్పి ఆటోలో వేసి ఇద్దరం ఇంటికి బయల్దేరాం.

అమ్మ నేరుగా కింద వాటా తలుపు కొట్టింది. ఓనరు గారు మమ్మల్ని చూసి, గాలికి పడిపోయిందా అని కంగారుపడ్డారు. పడలేదని చెప్పి, ఇంట్లో నిమ్మకాయ ఉందా అని అడిగింది అమ్మ. ఆయనకు అర్థం కాలేదు. జరిగిందంతా ఆ గుమ్మంలో నేనే చెప్పాల్సి వచ్చింది, వీపు తట్టించుకున్న సంగతితో సహా. ఆయన లోపలికి వెళ్లారు. వాళ్లావిడ రసం పిండి ఇస్తే రెండు చేతులతో గ్లాసు పట్టుకొచ్చి అమ్మకు ఇచ్చారు. అమ్మ ఆపకుండా తాగేసింది.

"ఎండ తగల్లేదు కదమ్మా?" అని అడిగారు.

"తగల్లే సారూ. రేపటి సంది శిబిరంల రోజూ గదే నీడ. మీరు గూడ వచ్చి చూడుండ్రి" అంది అమ్మ.

ఆయన నా వైపు తిరిగారు. "నేనొస్తే రానిస్తారంటారా మాస్టారూ?"

ఆయన ఎగతాళికి అడగలేదు. తెలుసుకుందామనే అడిగారు. పదకొండేళ్లుగా ఆయన కప్పు కింద పడుకుంటున్నవాణ్ని, 'రానిస్తారు' అన్న ఒక్క మాట వెంటనే అనలేకపోయాను.