ఒకే దుప్పటి మీద జరిగిన విచారణ

పోలీసు చర్య ముగిసినా కమ్యూనిస్టు దళాలు ఇంకా అడవిలోనే ఉన్న రోజులవి. నేను జనగామ కచేరీలో గుమాస్తాను. ఏ ఊరిని ఎప్పుడు చుట్టుముట్టాలో రాసుకునే రహస్య కాగితాల విభాగానికి నన్ను మారుస్తామన్నారు. పెద్ద కుర్చీ కదా, ఆశపడ్డాను. ముందు నా నడవడి విచారించాలట.

విచారణకు వచ్చిన అధికారి కోస్తా నుంచి దిగిన మహానుభావుడు. మా ఊళ్ళ పేర్లు సరిగ్గా పలకలేడు గాని మా గుట్టంతా తేల్చేస్తాడట. నేను అద్దెగదిలో ఒక బడిపంతులుతో ఉండేవాణ్ణి. జఫర్‌గఢ్ మనిషి. లోకానికి స్నేహితులం. నాకు మాత్రం అతనే ప్రాణం. అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు సిగ్గుపడకుండా చెబుతున్నాను.

అధికారిగారు అమోఘమైన తెలివి చూపించారు. మా బట్టలుతికే చాకలి అవ్వను పిలిపించి, మేమెలాంటివాళ్ళమని అడిగారు. మాకు మంచి పేరు రావాలని ఆ పిచ్చితల్లి, "మస్తు పొదుపు పోరగాండ్లు దొరా. ఇద్దరికి ఒక్కటే దుప్పటి" అని మెచ్చుకుంది.

ఆ సాయంత్రమే అధికారి నన్ను కచేరీలో ఒక గదిలో కూర్చోబెట్టి తలుపేశాడు.

"పంతులు ఊళ్ళో దళానికి అన్నం పెడుతున్నదెవరో చెప్పు. లేదంటే ఈ దుప్పటి సంగతి బడికీ, మీ నాన్నకీ చేరుతుంది."

నాకు తెలుసు. అన్నం పెడుతున్నది పంతులు కన్నతల్లి.

"నాకు తెల్వదు సార్."

రెండు గంటలు అడిగాడు. నా జవాబు మాత్రం మారలేదు. అన్నంత పనీ చేశాడు ఘనుడు. వారం తిరగకముందే పంతులును బడి నుంచి తీసేశారు. మా నాయిన నాతో మాట్లాడటం మానేశాడు.

తర్వాత అధికారిగారి నివేదిక ఇంగ్లీషులో వచ్చింది. పై వాళ్ళకు ఉర్దూలో కావాలి. రెండూ వచ్చినవాణ్ణి కచేరీలో నేనొక్కణ్ణే. లోపల ఎవరి గురించి ఉందో చూడకుండానే మా పెద్ద గుమాస్తా ఆ కాగితం నా ముందు పడేసి, "జర జల్దీ రాయి. రహస్యం, ఎవ్వనికి చెప్పకు" అన్నాడు.

ఏం చేస్తాను, రాశాను. 'ఇతని అలవాట్లు ఇలాంటివి గనుక ఎవరైనా బెదిరించి ఇతని నుంచి రహస్యాలు రాబట్టగలరు. నమ్మదగినవాడు కాడు.'

ఎవరైనా అట! నన్ను బెదిరించినవాడు ఆయనొక్కడే. ఏమీ రాబట్టలేక ఉత్త చేతులతో పోయిందీ ఆయనే.

అక్షరం పొల్లుపోకుండా రాసి, లక్క ముద్ర వేసి పంపించాను. ఆ వానాకాలం పంతులు ఇంటికి పోలీసులెవరూ రాలేదు; అతని తల్లి తన మడిలో తానే నాటు వేసుకుంది.