నీలిపూల గుడాలు

ఇది ఎడారిని జయించిన మా వీరగాథ. కాదులెండి, గుడాలు ఉమ్మేసిన కథ. డెబ్బైల చివర్లో, బనియాస్‌లో మమ్మల్ని పనికి తెచ్చుకున్న అరబ్బు యజమాని, మా కఫీల్ తోటలో పాలస్తీనా తోటమాలి తుర్ముస్ అనే పప్పుజాతి మొక్కలు రెండు రకాలవి పెంచేవాడు. ఆ కాయలు మన అనపకాయలేననుకుని, మా గదికి వండిపెట్టే కాక శుక్రవారం గింజలు ఒలిచి గుడాలు ఉడికించాడు. ఏడాదిగా గుడాలకు మొహం వాచిన మేమంతా మొదటి బుక్కకే ఉమ్మేశాం. తోమినా నాలుక మీంచి ఆ పాడు చేదు పోలేదు.

"కాకా, గివి గుడాలా, కషాయమా?" అన్నాను.

"అనపకు మూడాకులే ఉంటయి గదరా. దీనికి చేతివేళ్లు చాపినట్టున్నయి. నేనే సూస్కోలే," అన్నాడు కాక, తానూ ఉమ్ముతూ.

మేం తిన్నది అడవి రకమని తోటమాలి చెప్పాడు. దానికి నీలిపూలు, నూగు కాయలు, గరుకు గింజలు. తినే రకానికి తెల్లపూలు, నున్నటి గింజలు.

"యల్లా, రేపు తెల్లపూలవి వండుత!" అన్నాడు కాక.

చేదు పోవాలంటే వాటినైనా రోజూ నీళ్లు మారుస్తూ వారం నానబెట్టాలట.