అడిగినందుకు ఆరు రూపాయలు

నా కార్డులో నా డబ్బు ఎంత ఉందని అడిగినందుకు ఆ డబ్బులోంచే ఆరు రూపాయలు తీసుకున్నారు. ఒకసారి కాదు, ముప్పై ఒక్కసార్లు. నేను వస్తువేమీ కొనలేదు, ఎవరికీ పంపలేదు. ఉందా అని అడిగాను, అంతే.

ఈ అన్యాయం గురించి మా వీధిలో నేను చెప్పని మనిషి లేడు. వింటున్నవాళ్ళలో సగంమంది నవ్వారు. వాళ్ళెందుకు నవ్వారో తెలియాలంటే నేనేం పని చేసి బతికానో చెప్పాలి.

గుంటూరు మిర్చి యార్డులో, ఒక కమీషన్ కొట్టులో ముప్పై నాలుగేళ్ళు కాటా గుమస్తాగా పనిచేశాను. బడికి వెళ్ళినవాణ్ణి కాను. గోతాల మీద నల్లరంగుతో కొట్టిన పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఇప్పటికీ నా చేతిరాత పది అడుగుల దూరం నుంచి చదవడానికి వీలుగా ఉంటుంది. మిరపకాయల బస్తాను మా దగ్గర టిక్కీ అంటారు. రైతు తెచ్చిన టిక్కీ కాటా మీద పడగానే ముల్లు చూసి, తేమకు ఇంత, గోతానికి ఇంత తీసేసి, మిగిలిన బరువు పైకి అరిచి చెప్పేవాణ్ణి. అనుమానం వచ్చి మళ్ళీ కాటా వేయమంటే కాదనేవాణ్ణి కాదు. కాకపోతే రెండోసారి ఎత్తినందుకు హమాలీ కూలి రైతే ఇచ్చుకోవాలి. ఎత్తి దించడంలో రాలిన కాయలు కొట్టువాళ్ళవి. "నా సరుకు నేను చూసుకోడానికి డబ్బులేందయ్యా?" అని ఎవరైనా గొడవపడితే, తలెత్తకుండా ఒకే మాట అనేవాణ్ణి. "మళ్ళీ కాటా వేయించుకోవడం, మానుకోవడం మీ ఇష్టమండీ." అండీ అని కూడా అంటున్నాను కదా, ఇంతకంటే మర్యాద ఏం కావాలి అనుకునేవాణ్ణి.

ఆ రోజుల్లోనే నా భార్య కోల్డ్ స్టోరేజీల దగ్గర కాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. నేను గుమస్తాను కాబట్టి ఘాటు వస్తే లేచి బయటికి వెళ్ళి తుమ్మి వచ్చేవాణ్ణి. తను లేస్తే కూలి తెగుతుంది. ఇరవై ఏళ్ళ ఆ ఘాటు తన ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. ఏటా కొత్త పంట యార్డుకు రావడం మొదలైతే చాలు, మా ఇంట్లో పిల్లికూతలు మొదలవుతాయి. ఇంట్లోనే మందు పోసుకుని పీల్చుకునే నెబ్యులైజరు మిషను కొనమన్నాడు డాక్టరు. కొత్త కాయలు దిగేలోగా కొనమని గట్టిగా చెప్పాడు. అప్పటికి నెలన్నర వ్యవధి ఉంది.

మందుల షాపులో అది రెండు వేల రెండు వందలు. ఫోనులో చూస్తే పద్దెనిమిది వందల నలభై. మూడు వందల అరవై రూపాయలు ఊరికే ఎవడికిస్తాను? అయితే బ్యాంకు ఖాతాను ఫోనుకు తగిలించడమంటే నాకు భయం. మా వీధి చివర సెల్ షాపు నడిపే ఆయన దానికి దారి చూపించాడు.

"ప్రీపెయిడ్ కార్డు తీసుకోండి తాతగారూ. మీ ఖాతాతో సంబంధం ఉండదు. రెండు వేలు వేశారనుకోండి, పోయినా ఆ రెండు వేలే పోతాయి."

పోయే సంగతి ఆయన ముందే చెప్పాడు. నాకే అది భద్రతలాగా వినిపించింది.

రెండు వేలు వేయగానే, కార్డు ఇచ్చినందుకు పన్నుతో సహా నూట పద్దెనిమిది, డబ్బు వేసినందుకు నలభై పోయాయి. దానికి ఒక పూట అరిచాను. అయినా పద్దెనిమిది వందల నలభై రెండు మిగిలింది. ఆ రోజే నొక్కి ఉంటే మిషను ఇంటికి వచ్చేది, పైగా రెండు రూపాయలు మిగిలేవి.

నొక్కలేదు. యార్డులో బతికినవాడు రేటు చూడకుండా ఏదీ కొనడు, అమ్మడు. రేటు కోసం ఏడాది పొడుగునా కాయలను కోల్డ్ స్టోరేజీలో ఉంచినవాళ్ళను చూసిన కళ్ళు నావి. ఆన్‌లైన్లో కూడా ధరలు దిగుతాయని విన్నాను. దిగనిద్దాం అనుకున్నాను. ఒకరోజు పది రూపాయలు దిగింది కూడా. ఇంకా దిగుతుందని మీసం దువ్వుకున్నాను. మర్నాటికి ఎక్కి కూర్చుంది.

ఈలోపు పొద్దున్నే కాఫీ తాగగానే కార్డువాళ్ళ నంబరుకు మెసేజ్ పంపి నిల్వ ఎంతో చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. మొదటిరోజు పద్దెనిమిది వందల నలభై రెండు. రెండో రోజు పద్దెనిమిది వందల ముప్పై ఆరు. దొంగ దొరికాడనుకున్నాను! అప్పటినుంచి ఒక్క పొద్దు తప్పకుండా కాపలా కాశాను. వచ్చిన అంకెను గోడ మీది క్యాలెండరులో ఏరోజుకారోజు రాశాను. రోజుకు ఆరు చొప్పున పోతున్నట్టు కనిపెట్టిన కాటా గుమస్తాకు, పోగొడుతున్నది తన వేలేనని మాత్రం తట్టలేదు. మెసేజ్ కింద సన్న అక్షరాల్లో ఏదో ఉండేది. గోతాల మీద అంత సన్న అక్షరాలు ఉండవు, నాకు వాటి అలవాటు లేదు.

ఆ ఏడాది కాయలు ముందే దిగాయి. ఒకనాటి పొద్దున లారీలు వరసగట్టి మా వీధి మీదుగా వెళ్ళాయి. వాకిలి ఊడుస్తున్న నా భార్య చీపురు వదిలేసి గడప మీద కూలబడింది. నాలుగు మాటలకు మూడుసార్లు ఆగింది.

"ఏమయ్యా... ఇంకా... దిగలేదా... రేటు?"

క్యాలెండరులో రాసిన అంకె చాలదన్న సంగతి కూడా మరిచి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా సెల్ షాపుకు పరిగెత్తాను. ఆయన నొక్కాడు. కాలేదన్నాడు. మళ్ళీ నొక్కాడు.

"డబ్బు చాలట్లేదండీ. పదహారు వందల యాభై ఆరే ఉంది."

"చెప్పానా! రోజుకో ఆరు తినేస్తున్నారయ్యా దొంగలు!"

ఆయన ఫోనును పైకీ కిందికీ జరిపి చూశాడు. "తాతగారూ, రోజూ నిల్వ చూస్తున్నారా?"

"చూసుకోనా మరి?"

"చూసినప్పుడల్లా ఆరు రూపాయలండీ."

నేను స్టూలు మీద కూర్చున్నాను. నూట ఎనభై నాలుగు తక్కువ. అది వేద్దామంటే ఐదు వందలకు తక్కువ వేయకూడదట. వేసినందుకు మళ్ళీ నలభై అట. మిషను రావడానికి నాలుగు రోజులట. ఇంటికి వచ్చి ఇదంతా చెబితే, నా భార్య గోడకు ఆనుకుని, ఊపిరి కూడగట్టుకుని ఒకటే అంది.

"మిరగ్గాయలకి చూసినట్టు నా ఊపిరిక్కూడా రేటు చూశావా?"

అంకెలు రాసిన క్యాలెండరును గోడవైపుకు తిప్పేశాను.

పక్కింట్లో కూతురి దగ్గర ఉండే ఒక ముసలి రైతు, ఒకప్పుడు మా కొట్టుకే సరుకు తెచ్చినవాడు, రోజూ నాతో కలిసి టీ తాగుతాడు. నా అరుపులు విని వచ్చాడు. సంగతి విని ముందు నవ్వాడు. తర్వాత నా భార్య వైపు చూసి నవ్వు ఆపేశాడు.

"లెగు గుమస్తా. ఆటో పిలు. డబ్బు నేనిస్తాగాని."

మందుల షాపులో రెండు వేల రెండు వందలు ఆయనే లెక్కపెట్టాడు. షాపతను మిషను ఆన్ చేసి, పొగ వస్తోందో లేదో చూపించాడు.

"చూపించినందుకు ఏమన్నా తీసుకుంటారా?" అని అడిగాను. అతను నన్ను పైనుంచి కిందిదాకా చూసి, మిషను ఎలా వాడాలో మా ముసలి రైతుకు చెప్పడం మొదలుపెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు మిషను నా ఒళ్ళో ఉంది. ఆటో చప్పుడును మించి వినబడేలా రైతు అరిచాడు.

"ఒకసారి నా టిక్కీ మళ్ళీ కాటా వేయించా. గురుతుందా?"

ఉంది. ఎర్రతువ్వాలు తలకు చుట్టుకుని వచ్చాడు. రెండో కాటాకు కిలో పెరగకపోగా అరకిలో తగ్గింది.

"ఉంది" అన్నాను.

"అప్పుడు నాతో ఏమన్నావో గురుతుందా?"

"లేదు" అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. ఆయన డబ్బు మరుసటి నెల పింఛనులో తీర్చేశాను.

అంతటితో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? కార్డువాళ్ళకు నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను. "అయ్యా, మనిషి తన సొమ్ము తాను చూసుకోవడానికి కూలి ఇచ్చుకోవాలా? ఇది ఏ దేశపు న్యాయం?" అని రాసేటప్పుడు చెయ్యి కాసేపు ఆగిన మాట నిజమే. ఆగి, ఆ వాక్యం కిందే రెండు గీతలు గీశాను. సెల్ షాపు ఆయన నాలుగు పేజీలూ ఫోటో తీసి పంపాడు. మూడు వారాలు ఎదురుచూశాను.

ఫోనుకు జవాబు వచ్చిన పూట నా భార్య మాస్కు పెట్టుకుని మంచం మీద కూర్చుంది. మిషను గుర్రుమంటోంది. రైతు అరుగు మీద ఉన్నాడు. ఇద్దరికీ వినబడేలా, ఒకప్పుడు బరువు అరిచినంత గట్టిగా చదివాను.

"గౌరవనీయ వినియోగదారునికి. మీ ఫిర్యాదును పరిశీలించి ముగించడమైనది. నిల్వ విచారించిన ప్రతిసారి ఆరు రూపాయల రుసుము నిబంధనల ప్రకారమే వసూలు చేయబడినది. విచారించుట, మానుట వినియోగదారుని ఇష్టము. మీ ప్రస్తుత నిల్వ తెలుసుకొనుటకు ఇదే నంబరుకు మెసేజ్ పంపగలరు."