బొమ్మలోని హోటల్

కోరుట్ల బస్టాండు ఎదుట మా తాత హుస్సేన్ దాదా నడిపే చాయ్ హోటల్లో ఒక పాత క్యాలెండర్ బొమ్మ గోడకు వేలాడుతుంటుంది. తొంభై ఏళ్ల కిందట రొమేనియా చిత్రకారుడెవరో గీసిన సముద్రపు ఒడ్డు ఊరు అది. అందులో ఒక కాఫీ హోటల్, గుమ్మంలో దాని యజమాని, అన్నీ ఖాళీ కుర్చీలు, ఒక్కదాంట్లో మాత్రం కప్పు పట్టుకున్న ముసలాయన. పొద్దున్నే దాదా గడ్డం దువ్వుకుని, భుజం మీది గుడ్డతో ముందు ఆ బొమ్మను తుడుస్తాడు, ఆ తర్వాతే బల్లలు. గిరాకీ లేనప్పుడల్లా ఆ యజమానిని తిడతాడు. "సముద్రం ఉప్పు నీళ్ళతోని చాయ్ పెడితే ఎవడస్తడు? గా ముసలోడిని సూడు, ఒక్క కప్పుకు తొంభై ఏండ్ల సంది కూసున్నడు. లెవ్వుమనడానికి సుత ఈ హోటలాయనకు నోరు లేదు."

ఎదురుగా ఏసీ చాయ్ దుకాణం తెరిచిన రోజు దాదా దగ్గరికి మధ్యాహ్నం దాకా ఒక్కరూ రాలేదు. మరిగిన చాయే మళ్లీ మరిగింది. బడి ఎగ్గొట్టి అక్కడే ఉన్న నేను ఊరుకోలేక, "మన నీళ్ళు తియ్యగనే ఉంటయి గద దాదా, మన కుర్చీలెందుకు ఖాళీ?" అన్నాను. దాదా గుడ్డ విసిరాడు, తగల్లేదు. కాసేపు బొమ్మ వైపు చూశాడు. తర్వాత రెండు కప్పులు నింపి, నన్నొక కుర్చీలో కూర్చోబెట్టి, పక్క కుర్చీలో తనూ కూర్చున్నాడు.

"మెల్లగ తాగు బేటా, జల్ది లెవ్వకు. గా బొమ్మల ఉన్న హోటలాయనకు ఒక్కడే, మనకు ఇద్దరు."