బరువు చూసి కొన్న డబ్బా

"నువ్వు గూడ రా బాపూ. కరెంటు సంగతి నీకంటే ఎవరికి తెలుసు?" అంది మా అమ్మాయి.

గేమ్‌లు ఆడుకోవడానికి కంప్యూటర్‌ను తనే సొంతంగా బిగించుకుంటోంది. అందులో అన్నిటికంటే ఖరీదైనది, తెర మీద బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డు. దానికోసం రెండేళ్ళు పిల్లలకు ట్యూషన్లు చెప్పింది. ఇక మిగిలింది పవర్ సప్లై, అంటే ఇంటి కరెంటును లోపలి భాగాలకు తగ్గట్టు మార్చి పంచే ఇనుప డబ్బా. నేను కాజీపేటలో ముప్పై ఏళ్ళు రైల్వే ఎలక్ట్రీషియన్‌గా చేసినవాణ్ణి. పిలవగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరాను.

హనుమకొండలో షాపతను కౌంటర్ మీద రెండు డబ్బాలు పెట్టాడు. ఏ భాగానికి ఎన్ని వాట్లు కావాలో అమ్మాయి ఫోన్‌లో కూడి పెట్టుకుంది. నేను ఆ ఫోన్ వైపు చూడనైనా లేదు. చెరో చేతిలో ఒక డబ్బా పట్టుకుని తూచాను. మా పనిలో అదే అలవాటు. ట్రాన్స్‌ఫార్మర్ తేలిగ్గా ఉందంటే లోపల రాగి తగ్గించారని అర్థం. అమ్మాయి ఎంచుకున్నది తేలిగ్గా ఉంది.

"బరువు చూడకు బాపూ. ఇవి వేరే తీర్గ ఉంటయ్. నేను అన్ని సదివిన."

"సదివితే గాదు బిడ్డా, చేతికి తెలుస్తది. గీ బరువున్నదే తీస్కో."

"సార్ కరెక్ట్ చెప్పిన్రు," అన్నాడు షాపతను.

ఆ ఒక్క మాటకు ఉబ్బిపోయాను. అమ్మాయి మళ్ళీ నోరు తెరవబోతే, పదిమందిలో నా మాట తీసెయ్యొద్దని కసిరాను. షాపులో ఉన్నది మేం ముగ్గురమే. తను ఫోన్ లోపల పెట్టేసి నేను చెప్పిందే కొంది. ఆ పూట నోరు మూసుకుని ఆ ఫోన్ చూసి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

మూడు నెలలకు, ఒక ఆదివారం మధ్యాహ్నం, తను ఆడుతుండగా డబ్బా టప్పున పేలింది. మాడు వాసన వంటింటిదాకా వచ్చింది. గ్రాఫిక్స్ కార్డు కూడా పోయింది. మర్నాడు డబ్బా నేనే విప్పాను. అడుగున మందపాటి ఇనుప పలక, రెండు స్క్రూలతో బిగించి ఉంది. దానికి ఏ వైరూ తగిలించి లేదు. బరువు తూచి కొనే నాలాంటి వాళ్ళ చేతుల కోసమే పెట్టారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. పక్కనే నిలబడి చూసిన అమ్మాయి "పోనీ తియ్ బాపూ" అంది. తిట్టినా బాగుండేది.

కొత్త కార్డు కోసం మళ్ళీ ట్యూషన్లు చెప్పింది. షాపుకు వెళ్ళే రోజు తెలుసు కాబట్టి, ముందే చొక్కా మార్చుకుని కూర్చున్నాను. బయట తన బండి స్టార్టయి వెళ్ళిపోయిన చప్పుడు వినబడింది.

తను తెచ్చిన డబ్బాను నేను ముట్టుకోలేదు. నేల మీద అన్నీ పరుచుకుని బిగిస్తుంటే, ఏదైనా అడుగుతుందేమోనని ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. చాలాసేపటికి తలెత్తింది.

"బాపూ, జర ఫ్యాన్ బంద్ జెయ్యవా? కవర్లు ఎగురుతున్నయ్."

లేచి ఆపాను. మళ్ళీ ఎప్పుడు వెయ్యమంటుందోనని, ఆ స్విచ్ దగ్గరే నిలబడ్డాను.